వైఎంఓ మొదటి ఆల్బమ్: రెండు మిక్సులు, ఆ తర్వాత చెయ్యి పెట్టినవాళ్లు

జపాన్ ఎలక్ట్రానిక్ సంగీత బ్యాండ్ ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా (వైఎంఓ) మొదటి ఆల్బమ్ కొందామనుకునేవాళ్లు ముందు అట్ట చూసుకోండి. పేరు ఒకటే, పాటలు కూడా దాదాపు అవే, కానీ రికార్డులు రెండు రకాలున్నాయి, చూసుకోకుండా ఆర్డర్ పెడితే మీరు విన్నదొకటి, ఇంటికొచ్చేదొకటి అవుతుంది. మొదటిది 1978 నవంబర్‌లో టోక్యోలో ఆల్ఫా రికార్డ్స్ వేసిన అసలు మిక్స్ (మిక్స్ అంటే విడివిడిగా రికార్డు చేసిన వాద్యాల్లో ఏది ఎంత గట్టిగా, ఎక్కడ వినపడాలో సర్ది కలపడం). రెండోది 1979లో అమెరికా మార్కెట్ కోసం అల్ ష్మిట్ అనే ఇంజనీర్ చేత మళ్లీ మిక్స్ చేయించింది. గుర్తుపట్టడం తేలికే, అమెరికా దాని అట్ట మీద కిమోనో వేసుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ ఉంటుంది, జుట్టు ఉండాల్సిన చోట కరెంటు వైర్లు ఉంటాయి. రెండూ కలిపి ఒకే సెట్‌గా కూడా తర్వాత వేశారు, నా దగ్గరున్నది అదే, డబ్బులు పెట్టేవాళ్లు దానికే పెట్టమంటాను. ఎందుకో చెప్పడానికే ఈ రివ్యూ, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. వైఎంఓ అంటే ముగ్గురు. బేస్ వాయించే హరుఓమి హొసోనో, కీబోర్డుల దగ్గర ర్యుయిచి సకమొతో, డ్రమ్స్ వాయిస్తూ పాడే యుకిహిరో తకహాషి. సకమొతోని మనవాళ్లు కొందరైనా ఎరుగుదురు, 'ది లాస్ట్ ఎంపరర్' సంగీతానికి ఆస్కార్ తీసుకున్నాయన. ఆయనా తకహాషీ ఇద్దరూ 2023లోనే, రెండున్నర నెలల తేడాతో పోయారు. అట్టమీద పేరు పెద్దగా కనపడని నాలుగో మనిషి ఇంకొకాయన ఉన్నాడు, హిదేకి మత్సుతాకె, జపాన్ ఎలక్ట్రానిక్ సంగీతంలో పెద్ద పేరున్న ఇసావో తొమితా దగ్గర పనిచేసి వచ్చినవాడు. రోలాండ్ ఎంసీ-8 అనే యంత్రం ఈయన చేతిలో ఉండేది. అప్పట్లో దాని ఖరీదు 12 లక్షల యెన్‌లు. ఇప్పుడు మనం ల్యాప్‌టాప్‌లో మౌస్‌తో గీసే పనికి ఆయన కాలిక్యులేటర్ లాంటి మీటల మీద అంకెలు కొట్టేవాడు. ఒక్కో స్వరానికి మూడు సంగతులు చెప్పాలి: ఎంత పైకి, ఎంతసేపు మోగాలి, తర్వాతి స్వరం ఎప్పుడు మొదలవ్వాలి. అలా పాట మొత్తం. దాని మెమరీ 16 కిలోబైట్లు, పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పడే గుడ్‌మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు. ఈ ఆల్బమ్‌లో సీక్వెన్స్, అంటే యంత్రం తనంతట తాను వాయించే స్వరాల వరుస, అంతా అందులోంచి వచ్చిందే.

ఇక అసలు సంగతి. వైఎంఓ పాటల్ని రీమిక్స్ చేసినవాళ్ల గురించి చాలామంది మాట్లాడతారు గానీ, ఈ గ్రూపు పుట్టిందే ఒక రీమిక్స్ ఆలోచనలోంచి అని మర్చిపోతారు. మార్టిన్ డెన్నీ అని హవాయిలో హోటళ్లలో వాయించే అమెరికా పియానిస్ట్ ఒకాయన ఉండేవాడు, ఆసియా అంటే అమెరికా టూరిస్టు ఊహల్లో ఎలా ఉంటుందో ఆ బాణీలో 1950లలో రికార్డులు చేశాడు, 1959 నాటి 'ఫైర్‌క్రాకర్' వాటిలో ఒకటి. 1978 ఫిబ్రవరిలో హొసోనో మిగతా ఇద్దర్నీ ఇంటికి పిలిచి, అన్నం ముద్దలు పెట్టి, నోట్‌బుక్ తీసి చూపించాడు: మార్టిన్ డెన్నీ 'ఫైర్‌క్రాకర్'ని సింథసైజర్లతో డిస్కోగా వాయించాలి, ప్రపంచమంతా 40 లక్షల సింగిల్స్ అమ్మాలి. అంతే ప్లాను. అమెరికావాడు మనల్ని చూసి కట్టిన వేషాన్ని మనమే వేసుకుని, కరెంటు పెట్టి, తిరిగి వాడికే అమ్ముదాం అన్నమాట. ఇంత వెటకారం ఉన్న బిజినెస్ ప్లాన్ నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఏడాదే హొసోనో, చిత్రకారుడు తదనోరి యొకోతో కలిసి ఇండియాలో తిరిగి జపాన్ వెళ్లాక 'కొచ్చిన్ మూన్' అని ఒక రికార్డు చేశాడు. ఎవరూ తీయని హిందీ సినిమాకి సంగీతం అన్నట్టుంటుంది. సకమొతో, మత్సుతాకె అందులోనూ ఉన్నారు. ఇండియాలో హొసోనోకి ఒళ్లు బాగా పాడైంది, మద్రాసులో జపాన్ కాన్సులేట్ వాళ్లావిడ ఆదుకుంది, ఆమె పేరు మీద అందులో ఒక ట్రాక్ కూడా ఉంది: 'మేడమ్ కాన్సుల్ జనరల్ ఆఫ్ మద్రాస్'. 1978 అంటే మన తెలుగు సినిమా పాటలు దాదాపు అన్నీ ఇంకా అక్కడే రికార్డయ్యే రోజులు. అదే ఊళ్లో ఈయన మంచాన పడి ఉన్నాడన్నమాట. వైఎంఓ నచ్చితే అది తప్పక వినండి, కానీ ముందే అది కొనకండి, సగం మంది భయపడి పారిపోతారు.

సరే, రెండు మిక్సులు. అల్ ష్మిట్ అంటే అల్లాటప్పా మనిషి కాదు. జార్జ్ బెన్సన్ 'బ్రీజిన్' చేసినవాడు, స్టీలీ డాన్ 'ఏజా'కి గ్రామీ తీసుకున్నవాళ్లలో ఒకడు. జాజ్ వాద్యాల్ని నున్నగా, పక్కపక్కన కూర్చోబెట్టడంలో అందెవేసిన చెయ్యి. అలాంటివాడి చేతికి ఈ జపాన్ యంత్రాల మోత ఇచ్చారు. ఆయన చేసింది ఒక్క మాటలో చెప్పాలంటే, డ్రమ్స్‌నీ బేస్‌నీ ముందుకి లాగాడు, చుట్టూ గాలి నింపాడు. టోక్యో మిక్స్‌లో తకహాషి డ్రమ్స్ పొడిగా, దగ్గరగా, చిన్న గదిలో వాయించినట్టుంటాయి, సింథ్‌లు (సింథసైజర్లు) వాటి మీదకెక్కి కూర్చుంటాయి. అమెరికా మిక్స్‌లో అదే డ్రమ్ దెబ్బ వెనక గోడకి తగిలి తిరిగొస్తుంది.

'ఫైర్‌క్రాకర్' రెండిట్లో పక్కపక్కన పెట్టుకుని వినండి. అసలు దాంట్లో ఆ చెక్క వాద్యం లాంటి బాణీ చెవుల మధ్యలో టకటకమని కొట్టుకుంటూ పోతుంది, బేస్ ఎక్కడుందా అని వెతుక్కోవాలి. ష్మిట్ దాంట్లో బేస్ ముందొచ్చి నించుంటుంది, బాణీ పక్కకి జరుగుతుంది, కాలు దానంతటదే ఆడుతుంది. డాన్స్ ఫ్లోర్‌కి రెండోది. రాత్రి ఒక్కరూ కూర్చుని వినడానికి మాత్రం నా ఓటు మొదటిదానికే, ఎందుకంటే ఆ పొడితనంలోనే యంత్రం చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది, ఎవరో కూర్చుని ఈ అంకెలన్నీ కొట్టారు అని తెలుస్తుంటుంది. ష్మిట్ ఆ ముడతలన్నీ ఇస్త్రీ చేసేశాడు.

ఇంకో తేడా 'తోంగ్ పూ'. సకమొతో కట్టిన చైనా బాణీ, నా లెక్కలో ఆల్బమ్‌లో అన్నిటికన్నా అందమైన పాట. (దీని పేరు, 'లా ఫామ్ షినోయిజ్', 'మ్యాడ్ పియెరో' పేర్లు, మూడూ ఫ్రెంచ్ దర్శకుడు గొడార్ సినిమాల మీంచి వచ్చినవే. అప్పటి టోక్యో కుర్రాళ్ల పిచ్చి అలా ఉండేది.) అమెరికా మిక్స్‌లో దీనికి మినాకో యొషిదా గొంతు కలిపారు. చెడ్డగా ఏమీ లేదు, ఆవిడ గొప్ప గాయని, కానీ పాటకి ఆ అవసరం లేదు. బాణీ పైకెక్కి మలుపు తిరిగే చోట గొంతు వచ్చి పడేసరికి ఆ మలుపు కాస్తా కనపడకుండా పోతుంది. ఇక చివర్లో ఉండే చిన్న 'అక్రోబాట్' ముక్కని అమెరికావాళ్లు తీసేశారు, దానికి ఎవరూ ఏడవక్కర్లేదు.

మొత్తం మీద ష్మిట్ మిక్స్‌కి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. జపాన్‌లో కూడా 1979 జులైలో ఇదే మళ్లీ విడుదల చేశారు, ఆ తర్వాత చాలామంది జపాన్ వాళ్లు మొదట విన్నది కూడా ఈ అమెరికా మిక్సే. బ్రిటన్‌లో అయితే ఆల్బమ్ మొదట్లో ఉన్న వీడియో గేమ్ చప్పుళ్లు, వాటి వెనకే 'ఫైర్‌క్రాకర్' కలిపి 'కంప్యూటర్ గేమ్' పేరుతో సింగిల్ వేస్తే 1980లో అక్కడి పాటల చార్టులో 17వ స్థానం దాకా వెళ్లింది. ఆ గేమ్ చప్పుళ్లు కూడా నిజం మెషీన్ల నుంచి ఎత్తినవి కావు, సింథ్‌ల మీద కూర్చుని అచ్చం అలాగే చేసినవి.

తీసేయడం కూడా రీమిక్సే అనిపించే కేసు ఇంకొకటుంది. 1980లో వచ్చిన లైవ్ ఆల్బమ్ 'పబ్లిక్ ప్రెషర్'. టూర్‌లో వాళ్లతో గిటార్ వాయించింది కజుమి వతనబె. ఆయన వేరే కంపెనీ ఆర్టిస్టు, ఆ కంపెనీ ఒప్పుకోలేదు. దాంతో ఆయన గిటార్ మొత్తం చెరిపేసి, ఆ ఖాళీల్లో సకమొతో స్టూడియోలో కూర్చుని సింథ్ వాయించాడు. ఏళ్ల తర్వాత, 1991లో 'ఫేకర్ హాలిక్' పేరుతో అవే కచేరీలు గిటార్‌తో సహా బయటికొచ్చాయి. రెండూ విన్నాక నాకు వింతగా అనిపించింది ఏంటంటే, గిటార్ ఉన్నది ఎక్కువ ఊపుగా ఉంది, చెమట కనిపిస్తుంది, ఒక మంచి బ్యాండ్ స్టేజి మీద రెచ్చిపోతోంది. గిటార్ లేనిది మాత్రం వైఎంఓ లాగా ఉంది. లీగల్ గొడవ వల్ల బలవంతాన చేసిన మార్పు వాళ్ల సౌండ్‌ని ఇంకా వాళ్లదిగా చేసిందన్నమాట. అమ్మకాల్లో కూడా 'పబ్లిక్ ప్రెషర్' పెద్ద హిట్టే.

ఇప్పుడు బయటివాళ్ల సంగతి. మనకి రీమిక్స్ అనగానే గుర్తొచ్చేది ఒకటి తండ్రి పాత పాటని కొడుకు సినిమాలో మళ్లీ వాడటం, రెండోది నిమజ్జనం రోజు డీజే బాక్సుల్లో ఏ పాట కింద అయినా ఒకే దరువు పెట్టి బాదటం. రెండిట్లోనూ పాట అంతా ఉంటుంది, కింద మోత మారుతుంది. వైఎంఓ పాటల మీద బాగా పనిచేసినవాళ్లు ఆ దారిలో వెళ్లలేదు. ఒక్క ముక్క తీసుకుని మిగతాదంతా వదిలేశారు.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో హిప్-హాప్ డీజే ఆఫ్రికా బంబాటా 'ఫైర్‌క్రాకర్' రికార్డుని తన సెట్లో తిప్పాడు, 1983లో వచ్చిన 'డెత్ మిక్స్'లో అది ఉంది. రికార్డింగ్ క్వాలిటీ ఘోరం, క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించినట్టు గరగరలాడుతుంది. కానీ ఆ చైనా మాదిరి బాణీ న్యూయార్క్ కుర్రాళ్ల కేకల మధ్య తేలుతూ వస్తుంటే, హవాయి హోటల్లో మొదలైన పాట ఎక్కడికొచ్చిందిరా బాబూ అనిపిస్తుంది. నా దృష్టిలో వైఎంఓకి జరిగిన బెస్ట్ రీమిక్స్ ఇదే, ఎవరూ డబ్బులిచ్చి చేయించలేదు, కొత్తగా ఒక్క స్వరం కూడా కలపలేదు.

తర్వాత ఇదే పాట పెద్ద గొడవలో ఇరుక్కుంది. 2001లో అమెరికా గాయని మరయా కేరీ 'లవర్‌బాయ్' అనే పాటకి ముందు 'ఫైర్‌క్రాకర్' శాంపిల్ (పాత రికార్డులోంచి ఎత్తి తెచ్చిన ముక్క) వాడింది. ఆవిడ పాట బయటికొచ్చేలోపు అదే శాంపిల్ జెన్నిఫర్ లోపెజ్ 'ఐయామ్ రియల్'లో వచ్చేసింది, లోపెజ్ అప్పుడు సోనీ కంపెనీలో ఉంది, మరయా అప్పటికే ఆ కంపెనీ వదిలి బయటికొచ్చేసింది. ఎవరు ఎవరిది కొట్టేశారన్నది ఇరవై ఏళ్లుగా ఫ్యాన్స్ తిట్టుకుంటూనే ఉన్నారు, నేను అందులో వేలు పెట్టను. మరయా శాంపిల్ మార్చుకోవాల్సి వచ్చింది, ఆ పాత వెర్షన్ 2020లో గానీ బయటికి రాలేదు. వినండి, పాటగా అది లోపెజ్ దానికన్నా చాలా హుషారుగా ఉంటుంది. అసలు తమాషా ఏంటంటే 'ఐయామ్ రియల్' అమెరికాలో నంబర్ వన్ అయ్యింది ర్యాపర్ జా రూల్‌తో చేసిన రీమిక్స్ పుణ్యమా అని, ఆ రీమిక్స్‌లో 'ఫైర్‌క్రాకర్' ఆనవాలే లేదు. హొసోనో నోట్‌బుక్‌లో రాసుకున్న 40 లక్షల కల అలా గడప దాకా వచ్చి వెనక్కి పోయింది.

'బిహైండ్ ది మాస్క్' కథ ఇంకో రకం. సకమొతో దీన్ని మొదట సీకో వాచీల ప్రకటన కోసం చేశాడు. 1979లో రెండో ఆల్బమ్ 'సాలిడ్ స్టేట్ సర్వైవర్'లో క్రిస్ మోస్డెల్ రాసిన ఇంగ్లిష్ మాటలతో, వోకోడర్ (మనిషి గొంతుని యంత్రం గొంతులా మార్చే పరికరం) గొంతుతో వచ్చింది. ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ ద్వారా అది మైకేల్ జాక్సన్ చెవిన పడింది. జాక్సన్ దానికి కొత్త మాటలూ, కొత్త బాణీ ముక్కా కలిపి 'థ్రిల్లర్' రోజుల్లోనే రికార్డు చేసుకున్నాడు. రాయల్టీ వాటాల దగ్గర బేరం కుదరక అది ఆగిపోయింది. ఒక్కసారి ఊహించుకోండి, 'థ్రిల్లర్'లో ఒక జపాన్ పాట! ఆ జాక్సన్ వెర్షనే ఆయన కీబోర్డ్ మనిషి గ్రెగ్ ఫిలింగేన్స్ తర్వాత తన ఆల్బమ్‌లో పాడాడు, ఆయన ద్వారా ఇంగ్లండ్ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్‌కి చేరి 1986లో 'ఆగస్ట్' ఆల్బమ్‌లో వచ్చింది. జాక్సన్ సొంత గొంతుతో ఉన్నది ఆయన పోయాక, 2010లో 'మైకేల్' ఆల్బమ్‌లో బయటపడింది.

నాలుగూ వరుసగా వింటే ఒక్క సంగతి గమనించండి: మొదట్లో వచ్చే ఆ సింథ్ రిఫ్‌ని (మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న బాణీ ముక్కని) ఎవరూ ముట్టుకోలేదు. జాక్సన్ దాని మీద ప్రేమ పాట రాశాడు, క్లాప్టన్ గిటార్ పెట్టాడు, కింద ఆ రిఫ్ మాత్రం అలాగే తిరుగుతుంటుంది. క్లాప్టన్ దాంట్లో డ్రమ్ సౌండ్ భరించడం కష్టం, ఎనభైల మధ్యలో ఏం నీళ్లు తాగారో గానీ అందరి డ్రమ్సూ డబ్బాల్లా మోగేవి. జాక్సన్ 2010 దానికి తర్వాత పూసిన పూతలు ఎక్కువైనా, ఆ గొంతులో ఆత్రం మాత్రం నిజం.

ఇక చివరికి, డబ్బులిచ్చి చేయించిన రీమిక్స్ సీడీ. 'హైటెక్ / నో క్రైమ్', 1992లో ఆల్ఫా వేసింది. అప్పటికి గ్రూపు విడిపోయి తొమ్మిదేళ్లు, 1993లో ముగ్గురూ మళ్లీ కలిసినప్పుడు కూడా పేరు వాడుకునే హక్కు లేక, వైఎంఓ అక్షరాల మీద పెద్ద ఇంటూ గుర్తు కొట్టి అట్ట మీద వేసుకున్నారు. అదీ పరిస్థితి. ఆల్ఫా ఏమో పాత టేపులు బ్రిటన్ డాన్స్ మ్యూజిక్ వాళ్లకిచ్చి కొత్తగా చేయించింది. ది ఆర్బ్ ఉన్నారు, 808 స్టేట్ ఉన్నారు, కాగితం మీద చూస్తే ఇంతకన్నా కరెక్టు మనుషులు దొరకరు. 808 స్టేట్ అయితే మరీనూ, వాళ్లు పేరు పెట్టుకున్నదే రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ మీద, ఆ మెషీన్‌ని అందరికన్నా ముందు స్టేజెక్కించినవాళ్లలో వైఎంఓ ఉన్నారు, 1980 డిసెంబర్‌లో టోక్యోలోని బుడోకాన్ హాల్లో. మనవళ్లు తాతల ఇంటికొచ్చినట్టు ఉండాలి కదా?

ఉండదు. సీడీలో చాలా భాగం 1992లోనే ఇరుక్కుపోయింది. నాలుగు దెబ్బల కిక్ డ్రమ్, హౌస్ అనే క్లబ్ డాన్స్ సంగీతంలో వినపడే పియానో, మధ్యలో వైఎంఓ బాణీ ఒకటి తొంగిచూసి పోతుంది. వైఎంఓ పాటలో ప్రతి స్వరం ఎప్పుడు పడాలో మత్సుతాకె ముందే అంకెల్లో కొట్టి పెట్టాడు, దాని కింద ఇంకో మెషీన్ దరువు పెడితే కొత్తగా వచ్చేదేం లేదు, ఉన్న తేలికదనం పోయి బరువెక్కుతుంది. ఆర్బ్ వాళ్లు ఒక్కరే నాకు తృప్తినిచ్చారు, వాళ్లకి తొందర లేదు, పాటని విడదీసి గాలికొదిలేసి ఏ ముక్క ఎటు తేలుతుందో చూస్తూ కూర్చుంటారు. 808 స్టేట్ దానికి పాస్ మార్కులు. మిగతావి జిమ్‌లో వినడానికి పనికొస్తాయి. ఐదుకి రెండున్నర, ఆ అర కూడా ఆర్బ్ కోసమే.

కొనేవాళ్లకి నా సలహా: మొదటి ఆల్బమ్ రెండు మిక్సుల సెట్, ఆ తర్వాత 'సాలిడ్ స్టేట్ సర్వైవర్', మూడోది 'ఫేకర్ హాలిక్'. 'హైటెక్' ఎక్కడైనా సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికితే తీసుకోండి, దానికోసం జపాన్ నుంచి షిప్పింగ్, కస్టమ్స్ కట్టి తెప్పించుకోవద్దు, డిస్క్ కన్నా దారి ఖర్చు ఎక్కువ. వైఎంఓ ఆల్బమ్‌లు స్ట్రీమింగ్‌లో కూడా ఉన్నాయి, కాబట్టి ముందు అక్కడ విని తేల్చుకోండి. కాకపోతే హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి రెండు మిక్సులూ ఒకేలా ఉన్నాయి అని కింద కామెంట్ పెడితే మాత్రం నేను జవాబివ్వను.